బ్రౌజర్లలో తెలుగుకు స్పెల్‌చెక్ ఎందుకు లేదు? మన వంతుగా ఏం చేయవచ్చు?

నల్లగొండ అధ్యాపకుడు:
సభ్యులందరికీ నమస్కారం. నేను నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు బోధిస్తాను. మా పిల్లలు ఇప్పుడు రాస్తున్న తెలుగులో చాలా భాగం బ్రౌజరులోనే రాస్తున్నారు. ఈమెయిల్, వికీపీడియా వ్యాసం, కళాశాల పత్రికకు పంపే కవిత, ఉద్యోగ దరఖాస్తులో ‘మీ గురించి రాయండి’ అనే గడి, ఇవన్నీ అక్కడే పూర్తవుతున్నాయి. అదే గడిలో ఇంగ్లీషు మాట ఒకటి తప్పుగా పడితే వెంటనే దాని కింద ఎర్ర గీత కనిపిస్తుంది. కుడి మీట నొక్కితే సరైన మాట కూడా చూపిస్తుంది. తెలుగులో ‘విధ్యార్థి’ అని కొట్టినా, ‘అభివృధి’ అని కొట్టినా, బాధను ‘భాద’ అని రాసినా చెప్పే నాథుడు లేడు. ఇంగ్లీషు నిఘంటువు మాత్రమే ఉన్నప్పుడు కొన్ని చోట్ల ప్రతి తెలుగు మాట కిందా ఎర్ర గీత పడుతుంది, మరికొన్ని చోట్ల ఏ మాట కిందా పడదు. ఈ రెండింటి వల్లా రాసేవారికి తెలిసేది శూన్యం.

పిల్లలకు భాష రాదని నిందించడం తేలికే. కానీ ఇంగ్లీషు రాసే అదే పిల్లవాడికి ప్రతి తప్పు దగ్గరా ఒక చేయూత దొరుకుతోందని, తెలుగు రాసేటప్పుడు మాత్రం ఒంటరిగా మిగిలిపోతున్నాడని మనం గుర్తించాలి. ఈ లోపానికి కారణం ఏమిటో, దాన్ని తీర్చడం మన చేతుల్లో ఎంతవరకు ఉందో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

పాలమూరు ప్రోగ్రామర్:
సార్, మంచి చర్చ మొదలుపెట్టారు. ముందు కొంత పూర్వాపరం చెబుతాను. బ్రౌజరులో టైపు చేస్తుండగానే తప్పులు చూపే సదుపాయం ఫైర్‌ఫాక్స్‌లో 2006లో, రెండో సంచికతో (వెర్షన్‌తో) వచ్చింది. 2008లో విడుదలైన క్రోమ్‌లోనూ అది ఉంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రం 2012లో పదో సంచిక వచ్చేదాకా సొంత స్పెల్‌చెక్ లేదు. అప్పటిదాకా దాని వాడకందార్లు ఇంగ్లీషుకు కూడా బయటి ఉపకరణాలు తెచ్చి తగిలించుకోవలసి వచ్చేది.

ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోనూ, పత్రాలు రాసుకునే లిబ్రెఆఫీస్‌లోనూ ఈ తనిఖీ చేసేది హన్‌స్పెల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాన్ని లాస్లో నేమెత్ అనే హంగేరీ దేశస్థుడు తన భాష కోసం రూపొందించాడు. హంగేరియన్ కూడా మన తెలుగులాగే మాట చివర ప్రత్యయాలు వరుసగా అతుక్కునే భాష. కాబట్టి ‘తెలుగు నిర్మాణం వేరు, కంప్యూటరుకు లొంగదు’ అనే మాట నిలవదు.

హన్‌స్పెల్‌కు ఒక్కో భాషకు రెండు ఫైళ్లు కావాలి. ఒకదానిలో మూలపదాలు ఉంటాయి, రెండోదానిలో ఆ పదాలు ఎలా మారతాయో చెప్పే నియమాలు ఉంటాయి. క్రోమ్ కోసం సిద్ధం చేసిన హన్‌స్పెల్ నిఘంటువుల్లో హిందీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. లిబ్రెఆఫీస్‌తో తెలుగు నిఘంటువు ఒకటి వస్తుంది గానీ, నిత్యం వాడే మాటల రూపాలెన్నో అందులో దొరకవు. అంటే యంత్రం సిద్ధంగా ఉంది, మనం ఇవ్వవలసిన సరుకే తక్కువగా ఉంది.

మిర్యాలగూడ డీటీపీ:
అన్నా, నేను పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు కొట్టే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మా దుకాణాల్లో పనంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో నడిచింది, ఇప్పటికీ చాలా చోట్ల నడుస్తోంది. అను ఫాంట్లలో మన కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ, ఫైలులో ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. అందువల్ల అలా టైపు చేసిన పాఠానికి మామూలు స్పెల్‌చెక్కర్లు పనికిరావు. ఇప్పుడు గిరాకీలు వాట్సాప్‌లో యూనికోడ్ పాఠం, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఉన్న పాఠం, పంపిస్తున్నారు. దాన్ని మేము అనులోకి మార్చుకుంటాం. ఆ మార్పిడిలో ఒత్తులు చెదిరిపోతాయి. తరువాత అచ్చయ్యే ప్రతి తప్పుకూ మాట పడేది ఆపరేటరే.

ఇక్కడ ఒక చిన్న సంగతి చూపిస్తాను. ఈ రెండు మాటలను గమనించండి: పుస్తకం, పుస్తక౦. చాలా ఫాంట్లలో రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదానిలో చివర ఉన్నది సున్నా, అనగా అనుస్వారం. రెండోదానిలో ఉన్నది తెలుగు అంకె సున్నా. పాత ఫైళ్లను మార్చినప్పుడు, కొందరు టైపు చేసినప్పుడు కూడా ఈ అంకె వచ్చి కూర్చుంటుంది. మనిషి ఎంత శ్రద్ధగా ప్రూఫు చూసినా దీన్ని పట్టుకోలేడు. అలా రాసిన పేజీలో ‘పుస్తకం’ అని వెతికితే ఆ మాట దొరకదు కూడా. కంప్యూటరు మాత్రం దీన్ని క్షణంలో పడుతుంది. నాకు స్పెల్‌చెక్ కావాలనిపించేది ముఖ్యంగా ఇలాంటి కంటికి ఆనని తప్పుల కోసమే.

జడ్చర్ల విలేకరి:
చర్చ బాగుంది. అయితే ఇప్పుడు ఎక్కువ మంది ఫోన్‌లోనే రాస్తున్నారు కదా? జీబోర్డ్ వంటి కీబోర్డులు తెలుగు మాటలను సూచిస్తున్నాయి. 2017 నుంచి గూగుల్‌లో తెలుగు మాట్లాడితే టైపు చేసే సౌకర్యం కూడా ఉంది. మా తోటి విలేకరులు చాలామంది వార్తను నోటితో చెప్పి పంపిస్తున్నారు. అలాంటప్పుడు బ్రౌజరులో విడిగా స్పెల్‌చెక్ అవసరమా అన్నది నా సందేహం.

దేవరకొండ ఉపాధ్యాయిని:
విలేకరి గారూ, సూచన వేరు, తనిఖీ వేరు. కీబోర్డు మనం మాట పూర్తి చేయకముందే ఏదో ఒకటి ముందుకు తెస్తుంది. రాసిన తరువాత అది సరిగా ఉందా లేదా అని తిరిగి చూడదు. మా ఉన్నత పాఠశాల పిల్లలు వరుసలో మొదట కనిపించిన మాటను నొక్కేస్తారు. ‘బడికి’ రాయబోయి ‘బడిలో’ పడినా వాళ్లు గమనించరు. నోటితో చెప్పి రాయించుకున్నప్పుడు వాక్యం ఎక్కడ ఆగిందో తెలియదు, మా దేవరకొండ యాసలో పలికిన మాటకు యంత్రం మరేదో మాట వేస్తుంది. అటువంటి పాఠానికే తనిఖీ మరింత అవసరం.

అయితే స్పెల్‌చెక్ వస్తే అన్ని తప్పులూ పోతాయని కూడా మనం ఆశ పెట్టుకోకూడదు. ‘నాకు అర్ధం కాలేదు’ అని రాసేవారు లెక్కలేనంత మంది. అర్ధం అంటే సగం. అది కూడా నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి దాని కింద గీత పడదు. పేర్ల సంగతీ అంతే. దరఖాస్తులో తండ్రి పేరులో ఒక దీర్ఘం పోతే దాన్ని ఏ నిఘంటువూ పట్టలేదు. ఆ ఒక్క దీర్ఘం కోసం ఇక్కడి కుటుంబాలు కార్యాలయాల చుట్టూ తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. ఒత్తులు, వత్తు మీద వత్తులు, శ-ష-స తేడాలు, ఈ మూడింటిలో తోడ్పడినా పిల్లల రాత చాలా వరకు బాగుపడుతుందని నా నమ్మకం.

పాలమూరు ప్రోగ్రామర్:
మేడం చెప్పింది అక్షరాలా నిజం. ఇక నియమాల ఫైలు ఎలా ఉంటుందో ఒక మాట పట్టుకొని చూపిస్తాను, ఎందుకంటే పనంతా అక్కడే ఉంది.

‘పుస్తకం’ తీసుకోండి. కంప్యూటరు దృష్టిలో ఇది ఏడు సంకేతాల వరుస, చివరిది సున్నా. నియమం ఇలా చెబుతుంది: చివరి సున్నాను తీసివేసి దీర్ఘంతో ‘న్ని’ చేర్చితే పుస్తకాన్ని, దీర్ఘంతో ‘నికి’ చేర్చితే పుస్తకానికి, దీర్ఘంతో ‘లు’ చేర్చితే పుస్తకాలు, సున్నాను అలాగే ఉంచి ‘లో’ చేర్చితే పుస్తకంలో. ఈ నియమాలకు ఒక గుర్తు పెట్టి, గ్రామం, దుకాణం, ఉద్యోగం, ప్రయత్నం వంటి మాటలన్నింటి పక్కనా ఆ గుర్తు వేస్తే చాలు, అన్ని రూపాలనూ చేత్తో రాయనవసరం లేదు. పళ్లెం, కళ్లెం వంటివి కొంత వేరుగా నడుస్తాయి కాబట్టి వాటికి మరో గుర్తు. ఇల్లు, ఊరు, నోరు, కన్ను, చేయి ఏ గుర్తుకూ లొంగవు. వాటి రూపాలు విడివిడిగా ఇవ్వాలి.

కష్టం ఎక్కడ వస్తుందంటే, మనం ఒక ప్రత్యయంతో ఆగము. పుస్తకాలు, పుస్తకాలలో, పుస్తకాలలోని, పుస్తకాలలోనివి, పుస్తకాలలోనివే, పుస్తకాలలోనివేనా. ఇవన్నీ మామూలుగా వాడే రూపాలే. హన్‌స్పెల్ మాట చివరి నుంచి రెండు పొరల ప్రత్యయాలను మాత్రమే విడదీయగలదు. అందుచేత మూడు నాలుగు ప్రత్యయాలను ముందే కలిపి ఒకే ప్రత్యయంగా రాసిపెట్టాలి. దానికి తోడు సంధి ఉంది. ‘పుస్తకమంటే’, ‘వచ్చిందనుకున్నాను’ వంటి చోట రెండు మాటలు కలిసి, కలిసే చోట అక్షరం కూడా మారుతుంది. క్రియల దగ్గర ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. ఫిన్లాండ్ వాళ్లు ఇటువంటి ఇబ్బందితోనే హన్‌స్పెల్‌ను పక్కనపెట్టి వొయిక్కో అనే వేరే ఉపకరణం తయారుచేసుకున్నారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తెలుగు పదాలను విడదీసి విశ్లేషించే పరికరాల మీద పరిశోధన జరిగింది. ఆ విజ్ఞానం పరిశోధన పత్రాలు దాటి బ్రౌజరులోని గడి దాకా చేరడమే మిగిలిన పని.

అచ్చంపేట కథకుడు:
ఇంతవరకు అందరూ చెప్పింది శ్రద్ధగా చదివాను. నా భయం ఒకటి చెప్పాలి. నేను కథలు రాస్తాను. నా పాత్రలు ‘వచ్చిండు’, ‘పోయిండు’, ‘చెప్పిన్రు’, ‘ఇంట్ల ఉన్నరు’ అనే మాట్లాడతాయి, ఎందుకంటే అచ్చంపేటలో మనుషులు అట్లనే మాట్లాడతారు. రేపు మీరు తయారుచేసే నిఘంటువులో ‘వచ్చాడు’ ఉండి ‘వచ్చిండు’ లేకపోతే, నా కథలో ప్రతి సంభాషణ కిందా ఎర్ర గీతలు పడతాయి. ఎర్ర గీత అంటే తప్పు అని అర్థం. బడిలో మా నాలుక తప్పన్నారు, సినిమాల్లో మా యాసను దొంగకూ తాగుబోతుకూ తగిలించారు. ఇప్పుడు మా సొంత కంప్యూటరు కూడా వాక్యానికొకసారి మా మాటను తప్పంటే, కొత్తగా రాయబోయే పిల్లలు ఆ గీతకు జడిసి తమ మాటను వదులుకుంటారు. అటువంటి స్పెల్‌చెక్ కంటే ఇప్పుడున్న శూన్యమే మాకు మేలు. ఈ పని మొదలైతే, మొదటి రోజు నుంచే మా రూపాలు అందులో ఉండాలి.

నల్లగొండ అధ్యాపకుడు:
కథకుడు గారి ఆందోళన న్యాయమైనది. దీన్ని పక్కకు నెట్టి ముందుకు పోవడం నాకు సమ్మతం కాదు. అయితే నిఘంటువులో ‘వచ్చాడు’, ‘వచ్చిండు’ రెండూ కలిపి ఉంచాలా, వేర్వేరుగా ఉంచాలా అన్నది తేల్చుకోవాలి. పరీక్ష కోసం ప్రామాణిక భాషలో వ్యాసం రాసే విద్యార్థి ఒకచోట ‘వస్తున్నాడు’ అని, మరోచోట ‘వస్తున్నడు’ అని రాస్తే, రెండోది అనుకోకుండా పోయిన దీర్ఘమా, ఇష్టపడి రాసిన రూపమా అన్నది యంత్రానికి తెలియదు. రెండింటినీ ఒకే సంచిలో వేస్తే ఆ విద్యార్థికి అందవలసిన సాయం అందదు. విడగొడితే కథకుడికి అన్యాయం జరగదా?

జడ్చర్ల విలేకరి:
ఉపాధ్యాయిని గారి సమాధానంతో నా సందేహం తీరింది. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రికను వెలువరించారు. అచ్చుకు ముందు ప్రూఫు దిద్దడాన్ని వృత్తిలో భాగంగా చూసిన గడ్డ ఇది. ఇప్పుడు విలేకరి రాసింది నేరుగా వెబ్‌సైటులోకి పోతోంది, మధ్యలో చూసే కన్ను లేదు. కనుక ఏర్పాటు కావాలి. కానీ విడి నిఘంటువు పెడితే తెలంగాణ మాటను మళ్లీ గడప బయట కూర్చోబెట్టినట్టే అవుతుంది. ఒకటే ఉండాలని నా అభిప్రాయం.

పాలమూరు ప్రోగ్రామర్:
ఇందులో పడవలసినంత తగువు లేదని నాకనిపిస్తోంది. ఇంగ్లీషుకు అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా నిఘంటువులు వేర్వేరుగా ఉన్నాయి. ఒకటి అసలు, తక్కినవి కొసరు అని ఎవరూ అనరు. పైగా 2022 మే నెలలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 100వ సంచిక నుంచి ఒకే గడిలో ఒకటి కంటే ఎక్కువ నిఘంటువులను ఒకేసారి తెరిచి ఉంచుకోవచ్చు. కుడి మీట నొక్కితే వచ్చే పట్టికలో రెండింటికీ టిక్కు పెడితే చాలు, ఏ ఒక్కదానిలో ఉన్నా ఆ మాట ఒప్పవుతుంది. కథకుడు గారు రెండూ తెరిచి పెట్టుకుంటారు. పరీక్ష వ్యాసం రాసే విద్యార్థి ఒకటే పెట్టుకుంటాడు. రెంటినీ ఒకే పొడిగింతగా (ఎక్స్‌టెన్షన్‌గా) కట్టి ఇస్తాం కాబట్టి, ఒకటి దించుకున్నవారికి రెండోదీ దానితోనే వస్తుంది.

అచ్చంపేట కథకుడు:
రెండూ కలిసి వచ్చేటట్టయితే, పేరులో ‘యాస’ అని గానీ ‘మాండలికం’ అని గానీ రాయకుండా ‘తెలుగు, తెలంగాణ’ అని రాసేటట్టయితే నాకు అభ్యంతరం లేదు. నా కథల్లోని మాటల పట్టికను నేనే ఇస్తాను.

నకిరేకల్ న్యాయవాది:
ఒక హెచ్చరిక. క్రోమ్‌లో ‘మెరుగుపరచిన’ స్పెల్‌చెక్ అనే ఎంపిక ఉంది. దాన్ని తెరిస్తే మనం టైపు చేసేది గూగుల్ సర్వర్లకు వెళుతుంది. ఆ సంగతి అక్కడే రాసి ఉంటుంది. కక్షిదారుల వివరాలు రాసే మాబోటివారికి అది తగదు. హన్‌స్పెల్ నిఘంటువు మన కంప్యూటరులోనే ఉండి పనిచేస్తుంది, ఏదీ బయటికి పంపదు. అందువల్ల కూడా ఈ ప్రయత్నాన్ని నేను సమర్థిస్తున్నాను.

వనపర్తి వికీపీడియన్:
2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. అక్కడ ఊళ్ల పేజీలు దిద్దే పని చేస్తుంటాను. నాకు రోజూ ఎదురయ్యే చిక్కు మన జిల్లాల పేర్లలోనే ఉంది. మహబూబ్‌నగర్ అని రాసేటప్పుడు పొల్లు బకు, నకు మధ్య కంటికి కనపడని ఒక సంకేతం పెట్టాలి. పెట్టకపోతే అది మహబూబ్నగర్ అయి, న అక్షరం బకు ఒత్తుగా కిందికి పోతుంది. నాగర్‌కర్నూల్‌కూ అదే గతి. ఆ సంకేతం ఉన్న మాట, లేని మాట కంప్యూటరుకు రెండు వేర్వేరు మాటలు. నిఘంటువులో ఏ రూపం పెడతారు? అలాగే ‘వాళ్ళు’, ‘వాళ్లు’ సంగతి ఏమిటి? రెండూ చదువుకున్నవారు రాసేవే.

పాలమూరు ప్రోగ్రామర్:
హన్‌స్పెల్ నియమాల ఫైలులో ఫలానా సంకేతాన్ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే వీలుంది. అయితే అలా చెబితే మహబూబ్నగర్ అన్నది కూడా ఒప్పు అయిపోతుంది. కాబట్టి జిల్లాలు, మండలాల పేర్లను సంకేతంతోనే నిఘంటువులో పెట్టి, సంకేతం లేని రూపానికి గీత పడనిద్దాం. సూచనగా సరైన రూపం వస్తుంది. ‘వాళ్ళు’, ‘వాళ్లు’ రెండూ ఉంచుదాం. రెండూ వాడుకలో ఉన్న చోట తీర్పు చెప్పడం నిఘంటువు పని కాదు.

ఈలోగా ఎవరికి వారు చేసుకోగలిగింది చెబుతాను. లిబ్రెఆఫీస్‌లోని తెలుగు ఫైళ్లు రెండింటికీ చిన్న వివరాల ఫైలు ఒకటి జోడిస్తే ఫైర్‌ఫాక్స్ పొడిగింతగా మారతాయి. ఫైర్‌ఫాక్స్ మామూలుగా పెద్ద గడుల్లోనే తనిఖీ చేస్తుంది. ఒక్క వరుస గడుల్లో కూడా కావాలంటే అబౌట్ కాన్ఫిగ్ (about:config) అనే అమరికల పేజీలోకి వెళ్లి ‘లేఅవుట్ డాట్ స్పెల్‌చెక్‌డిఫాల్ట్’ (layout.spellcheckDefault) విలువను 2 చేయాలి. సరైన మాట కింద గీత పడితే ‘నిఘంటువుకు చేర్చు’ నొక్కవచ్చు. కానీ అలా చేర్చిన మాటకు ప్రత్యయాలు రావు; ‘చెల్క’ను చేర్చినా ‘చెల్కలో’ కింద మళ్లీ గీత పడుతుంది. అందుకే సొంత జాబితాతో తృప్తి పడకుండా ఆ జాబితా ఫైలును నాకు పంపండి. నేను వాటికి గుర్తులు వేసి అందరి నిఘంటువులో కలుపుతాను. క్రోమ్‌లో బయటి నిఘంటువును మనంతట మనం పెట్టుకునే దారి లేదు. మన ఫైలు పక్వానికి వచ్చాక దాని ప్రాజెక్టుకు పంపి చేర్చమని అడగాలి. అందువల్ల ముందు ఫైర్‌ఫాక్స్, తరువాత క్రోమ్.

దేవరకొండ ఉపాధ్యాయిని:
వ్యవసాయం మాటలు నేను తీసుకుంటాను. చెల్క, మడి, గెట్టు, ఒరం, తుకం, కల్లం, బాయి, మోట. వీటిలో కొన్నింటిని మా పిల్లలు ఇళ్లల్లో వింటున్నారు, పుస్తకంలో చూడలేదు. తల్లిదండ్రులను అడిగి రాసుకురమ్మంటాను. ఒక ప్రశ్న మాత్రం ఉంది. ‘ఊర్ల’ అంటే మా దగ్గర ఊరిలో అని అర్థం, ఊళ్ల యొక్క అని కూడా అర్థం. ఒకే రూపం రెండు చోట్ల వస్తే నిఘంటువులో ఏ గుర్తు వేస్తారు?

పాలమూరు ప్రోగ్రామర్:
రెండు గుర్తులూ వేస్తాం మేడం. స్పెల్‌చెక్కర్‌కు అర్థంతో పని లేదు, రూపం ఉందా లేదా అన్నదే చూస్తుంది. ‘ఇంట్ల, చేన్ల, ఊర్ల’ అనే మూడింటినీ తెలంగాణ ఫైలులో ఏకవచనం కింద చేర్చుతున్నాను, ‘ఊర్ల’ను బహువచనం కింద కూడా చేర్చుతున్నాను.

మిర్యాలగూడ డీటీపీ:
నా దగ్గరున్న పాత కరపత్రాల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి పంపిస్తాను. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేస్తాను. అంకె సున్నా పడిన మాటలన్నీ విడిగా ఇస్తాను, సరిచేసే నియమం రాయడానికి పనికొస్తాయి.

నల్లగొండ అధ్యాపకుడు:
అందరికీ కృతజ్ఞతలు. సున్నాతో ముగిసే నామవాచకాల పట్టికను మా విద్యార్థులతో సిద్ధం చేయిస్తాను. పళ్లెం తరగతివి విడిగా పెడతాము. క్రియలు చివర చూద్దాం. దయచేసి ఎవరూ ఫోటోలు గానీ, అను ఫాంటు ఫైళ్లు గానీ, పీడీఎఫ్‌లు గానీ పంపవద్దు. వరుసకు ఒక మాట చొప్పున, యూనికోడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇదే చర్చ కింద జతచేయండి.